బిగువంతా బలం కాదు
పాత మజిల్ కార్లకు కొత్త వెనుక సస్పెన్షన్: కొనేముందు తెలుసుకోవాల్సిన లెక్క

అమెరికాలో పాంటియాక్ కంపెనీ 1964 మోడల్‌గా ‘జీటీఓ’ను తెచ్చింది. నిజానికి అది పూర్తిగా కొత్త కారేమీ కాదు. టెంపెస్ట్ అనే మధ్యతరహా కుటుంబ కారులో పెద్ద కార్లకు వాడే 389 ఘనపుటంగుళాల ఇంజన్ పెట్టి ఇచ్చారు. మన లెక్కలో అది దాదాపు 6.4 లీటర్లు. మధ్యతరహా కార్లలో 330 ఘనపుటంగుళాలకు మించిన ఇంజన్ వాడకూడదని పాంటియాక్‌కు యజమాని అయిన జనరల్ మోటార్స్ నిబంధన పెట్టుకుంది. చీఫ్ ఇంజనీర్ జాన్ డిలోరియన్ బృందం ఆ ఇంజన్‌ను వేరే మోడల్‌గా కాకుండా, కొనేవాళ్లు అదనంగా కోరుకునే ‘ఆప్షన్’గా చూపించి ఆ నిబంధనను దాటేసింది. తొలి ఏడాదే 32,450 కార్లు అమ్ముడుపోయాయి. ఇక మిగతా కంపెనీలన్నీ వరస కట్టాయి. ఇలా మామూలు కారులో పెద్ద ఇంజన్ పెట్టి చేసినవాటినే మజిల్ కార్లు అంటారు. జీటీఓ 325 హార్స్‌పవర్‌తో మొదలైతే, 1970లో షెవ్రొలే షెవెల్ ఎస్ఎస్ 454కు ఇచ్చిన ఎల్ఎస్6 ఇంజన్ 450కి చేరింది. ఆరేళ్లలో ఇంజన్లు ఇంతగా పెరిగాయి గానీ, ఆ బలాన్ని రోడ్డుకు చేర్చే వెనుక సస్పెన్షన్ నమూనా మాత్రం పెద్దగా మారలేదు. పిల్లల్ని బడి దగ్గర దింపడానికీ, బజారు నుంచి సామాను తేవడానికీ రూపొందించిన ఏర్పాటునే అక్కడక్కడా గట్టిచేసి వాడుకున్నారు.

ఇంజన్‌కూ సస్పెన్షన్‌కూ మధ్య మిగిలిన ఈ తేడా మీదే ఒక పెద్ద వ్యాపారం నిలబడింది. కార్ల వేగం పెంచే విడిభాగాల తయారీదారులు 1963లోనే ‘సెమా’ పేరుతో సంఘం పెట్టుకున్నారు. ఇవాళ షెవెల్, జీటీఓ, మస్టాంగ్, కమారో లాంటి కార్లకు గట్టి కంట్రోల్ ఆర్మ్‌లు, వాటి చివర్లలో వేసే పాలీయురేథేన్ బుష్‌లు, పొట్టి స్ప్రింగులు, ఒరుగుడును తగ్గించే లావుపాటి స్టెబిలైజర్ బార్‌లు సిద్ధంగా దొరుకుతాయి. కంపెనీ భాగం బలహీనమైనదనీ, తమది దానికన్నా బలమైనదనీ, బిగిస్తే కారు మెరుగవుతుందనీ ప్రకటనలు చెబుతాయి. ఈ మాటలో సగమే నిజం. వెనుక సస్పెన్షన్‌లో ప్రతి భాగానికీ కనీసం రెండు పనులుంటాయి. కొన్ని దిశల్లో అది కదలకుండా నిలబడాలి, కొన్ని దిశల్లో కదలనివ్వాలి. మొదటి పని మాత్రమే చూసి బలమైన భాగం కొన్నవాళ్లు తెలియకుండానే రెండో పనిని ఆపేస్తారు. అందుకే భాగాన్ని దాని గట్టిదనంతో తూచకూడదు. అది ఎక్కడ పట్టు ఇస్తోంది, ఎక్కడ వదులుతోంది అనే లెక్కతో తూచాలి.

ఈ లెక్క అర్థం కావాలంటే కారు కిందకి ఒకసారి చూడాలి. 1964 నుంచి 1972 వరకు జనరల్ మోటార్స్ తయారుచేసిన మధ్యతరహా కార్లలో, అంటే షెవెల్, జీటీఓ, ఓల్డ్స్‌మొబైల్ 4-4-2, బ్యూయిక్ జీఎస్‌లలో, వెనుక సస్పెన్షన్ నమూనా ఒకటే. రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి యాక్సిల్, దాని మీద రెండు కాయిల్ స్ప్రింగులు, రెండు షాక్ అబ్జార్బర్లు, ఫ్రేమ్‌కూ యాక్సిల్‌కూ మధ్య నాలుగు ఆర్మ్‌లు. కింది రెండు ఆర్మ్‌లు దాదాపు కారు పొడవుకు సమాంతరంగా ముందుకు సాగుతాయి. పై రెండు పొట్టివి, పైనుంచి చూస్తే ఏటవాలుగా ఉంటాయి. యాక్సిల్ ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపడం నాలుగింటి పని. అది పక్కకు జరగకుండా ఆపడం మాత్రం ఏటవాలుగా ఉన్న పై ఆర్మ్‌ల పని. వేరే అడ్డ కడ్డీ ఏదీ లేదు. కాయిల్ స్ప్రింగులకు ఇందులో బరువు మోసే బాధ్యత తప్ప మరేమీ లేదు. అదే కాలపు మస్టాంగ్, కమారో, క్రైస్లర్ కార్లలో పద్ధతి వేరు. వాటిలో మన లారీలకూ పాత అంబాసిడర్‌కూ ఉన్నట్టే కమాన్ కట్టలుంటాయి. ఆ కమానే బరువు మోస్తుంది, యాక్సిల్‌ను దాని చోట నిలబెడుతుంది, యాక్సిల్ తిరగబోతే ఆపుతుంది. మూడు పనులూ ఒకే భాగం నెత్తిన పడ్డాయి.

యాక్సిల్ తిరగబోవడం అనేది మజిల్ కారు సమస్యల్లో మొదటిది. ఇంజన్ బలం ప్రొపెల్లర్ షాఫ్ట్ ద్వారా యాక్సిల్ హౌసింగ్ లోపలి పినియన్ అనే చిన్న గేర్‌కూ, అక్కడి నుంచి క్రౌన్ అనే పెద్ద గేర్‌కూ, తర్వాత చక్రాలకూ చేరుతుంది. చక్రాలు ముందుకు తిరుగుతుంటే, న్యూటన్ చెప్పినట్టు అంతే బలం యాక్సిల్ హౌసింగ్‌ను వెనక్కి తిప్పబోతుంది. దాని ముక్కు పైకి లేస్తుంది. ఆ బలం ఎంతో లెక్క వేయవచ్చు. ఎల్ఎస్6 ఇంజన్ టార్క్ కంపెనీ లెక్క ప్రకారం 500 పౌండ్-అడుగులు. మొదటి గేర్ నిష్పత్తి 2.20, వెనుక గేర్ నిష్పత్తి 3.31 అనుకుంటే, యాక్సిల్ దగ్గర అది 3,600 పౌండ్-అడుగులు దాటుతుంది. చక్రాలు జారిపోతే అంత బలం పూర్తిగా పడదు కాబట్టి, టైర్లకు పట్టు ఉన్నంతవరకే ఈ లెక్క. ఈ బలాన్ని తట్టుకునేవి ఆర్మ్‌లే. వేగం అందుకుంటున్నప్పుడు కింది ఆర్మ్‌లు కారును ముందుకు నెడతాయి కాబట్టి వాటి మీద నొక్కుడు పడుతుంది. హౌసింగ్ పైభాగం వెనక్కి పోబోతుంది కాబట్టి పై ఆర్మ్‌ల మీద లాగుడు పడుతుంది. వాటి చివర్లలోని రబ్బరు బుష్‌లు అణిగి, మళ్లీ సాగితే యాక్సిల్ ఊగడం మొదలెడుతుంది. టైరు ఒకసారి పట్టుకుని, ఒకసారి వదిలేసి, రోడ్డు మీద దడదడమని ఎగురుతుంది. దీన్నే వీల్ హాప్ అంటారు. ఇది కేవలం చికాకు పెట్టే శబ్దం కాదు, గేర్ పళ్లనూ యాక్సిల్ షాఫ్టులనూ విరగ్గొట్టగల దెబ్బ.

తమ ఏర్పాటు చాలదని కార్ల కంపెనీలకు తెలియకపోలేదు. 1967 కమారోలో ఒక్కో వైపు ఒకే పట్టీ ఉన్న కమాను వాడారు. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే ఆ పట్టీ మెలిక తిరిగి యాక్సిల్ ఎగిరేది. మరుసటి ఏడాదే రెండు షాకులను ఒకటి యాక్సిల్‌కు ముందు, ఒకటి వెనక ఉండేలా మార్చారు. బలమైన ఇంజన్లున్న కార్లకు ఎక్కువ పట్టీల కమాన్లు ఇచ్చారు. క్రైస్లర్ తన కమానులో యాక్సిల్‌ను మధ్యలో కాకుండా ముందువైపుకు జరిపి కూర్చోబెట్టింది. ముందు భాగం పొట్టిగా, గట్టిగా ఉండి మెలికను ఆపుతుంది, వెనుక భాగం పొడుగ్గా, మెత్తగా ఉండి గతుకులు మింగుతుంది. మాజీ రేసర్ కారోల్ షెల్బీ 1965లో మస్టాంగ్‌ను జీటీ350గా మార్చినప్పుడు యాక్సిల్ పైనుంచి బాడీకి ట్రాక్షన్ బార్‌లు కట్టి, కోనీ షాకులు వేశాడు. ఓల్డ్స్‌మొబైల్ 4-4-2 అయితే 1964లోనే వెనుక స్టెబిలైజర్ బార్‌తో వచ్చింది. కాబట్టి పాత మజిల్ కారు వెనుక సస్పెన్షన్‌ను మార్చడం అపచారమేమీ కాదు. ఆ మార్పులు మొదలుపెట్టింది ఆ తరం ఇంజనీర్లే. అయితే వాళ్లలో ఎవరూ అన్నిటినీ బిగించేయలేదు. క్రైస్లర్ ఒకే కమానులో ముందు బిగువు, వెనుక సడలింపు ఉంచింది. కమారో షాకులు ఊగుడును ఆపాయి గానీ యాక్సిల్ పైకీ కిందకీ కదలడాన్ని ఆపలేదు.

ఇప్పుడు ఆర్మ్‌ల రెండో పని సంగతి. కారు మలుపు తిరిగినప్పుడు బాడీ ఒకవైపు ఒరుగుతుంది, యాక్సిల్ మాత్రం రోడ్డుకు సమాంతరంగానే ఉంటుంది. ఒక చివర ఒరిగిన ఫ్రేమ్‌కూ, మరో చివర ఒరగని యాక్సిల్‌కూ బిగించి ఉన్న ఆర్మ్ ఆ క్షణంలో తన పొడవు వెంట మెలిపడాలి. ఏటవాలుగా ఉన్న పై ఆర్మ్‌లకు ఈ అవస్థ మరీ ఎక్కువ. కంపెనీ ఇచ్చిన ఆర్మ్‌లు చాలావరకు రేకును వంచి చేసినవి, ఒకవైపు తెరిచి ఉన్న కాలువ ఆకారంలో ఉంటాయి. మూత తీసిన చెప్పుల పెట్టెను రెండు చేతులా పట్టుకుని మెలితిప్పితే సులువుగా తిరుగుతుంది, అదే పెట్టెకు మూత అతికిస్తే తిరగదు. తెరిచి ఉన్న ఆర్మ్ కూడా అంతే. లాగితే, నొక్కితే తట్టుకుంటుంది, మెలిపెడితే కాస్త తిరుగుతుంది. చివర్లలోని రబ్బరు బుష్‌లు మిగతా తిరుగుడును భరిస్తాయి. చవగ్గా తయారుచేయడానికి ఎంచుకున్న ఆకారమే కావచ్చు, కానీ ఆ చవక రేకే సస్పెన్షన్ స్వేచ్ఛగా కదలడానికి తోడ్పడుతోంది.

ఆ తెరిచిన వైపు రేకు వెల్డింగ్ చేసి మూసేసి, నాలుగు ఆర్మ్‌ల రెండు చివర్లలోనూ గట్టి పాలీయురేథేన్ బుష్‌లు దిగగొడితే ఏమవుతుంది? యాక్సిల్ ముందుకూ వెనక్కూ కదలడం తగ్గుతుంది. నేరుగా పోయే రోడ్డు మీద కారు బిగువుగా, చురుగ్గా అనిపిస్తుంది. మలుపులో మాత్రం మెలిపడాల్సిన ఆర్మ్ మెలిపడదు. మెకానిక్‌లు దీన్ని ‘బైండ్ అవడం’ అంటారు. స్ప్రింగులు, స్టెబిలైజర్ బార్ ఒరుగుడును ఎంత ఆపాలో లెక్క వేసి పెట్టుకున్నా, లెక్కలో లేని మూడో బిగువు వచ్చి వాటికి తోడవుతుంది. పైగా అది సమంగా పెరగదు. కొంతదూరం మామూలుగా ఉండి, ఒక్కసారిగా గట్టిపడుతుంది. సరిగ్గా ఆ క్షణంలో లోపలివైపు వెనుక టైరు పట్టు వదిలేస్తే కారు తోక బయటికి విసురుతుంది. మెలిపడలేని ఆర్మ్ ఆ బలాన్ని ఎక్కడో ఒకచోట దింపాలి కదా, దాన్ని ఫ్రేమ్ మీది బ్రాకెట్లకూ, యాక్సిల్ మీద ఆర్మ్‌లు బిగించే చెవులకూ దింపుతుంది. అరవై ఏళ్లనాటి ఇనుములో పగుళ్లు పుట్టేది అక్కడే. అంటే ‘బలహీనమైన’ రేకు ఆర్మ్ పోయి, బలహీనత కాస్తా మార్చడం కష్టమైన చోటికి చేరుతుంది.

దీనికి జవాబు గట్టి ఆర్మ్‌లు మానేయడం కాదు, చివర్లను తెలివిగా ఎంచుకోవడం. రబ్బరు బుష్ అన్ని దిశల్లోనూ కొంచెం వదులుతుంది, శబ్దాన్నీ అదురునూ మింగుతుంది, కానీ నొక్కుడుకు అణుగుతుంది, వయసు మీరితే పగులుతుంది. పాలీయురేథేన్ నొక్కుడుకు బాగా తట్టుకుంటుంది, తన ఇరుసు చుట్టూ తిరుగుతుంది, పక్కకు వంచితే మాత్రం మొరాయిస్తుంది. గ్రీజు అందకపోతే కీచుమంటుంది. గోళాకారపు జాయింట్ అయితే పొడవులో ఏమాత్రం వదలదు, మెలికలో ఏమాత్రం అడ్డు చెప్పదు. లెక్క ప్రకారం అదే ఆదర్శం. కానీ రోడ్డు మీది ప్రతి అదురునూ నేరుగా సీటు దాకా మోసుకొస్తుంది, దుమ్మూ నీళ్లూ చేరితే అరుగుతుంది. అందుకే రోడ్డు మీద తిరిగే కార్ల కోసం గోళాన్ని ప్లాస్టిక్ గిన్నెల మధ్య కూర్చోబెట్టి, గ్రీజు పెట్టుకునే వీలుతో చేసిన రకాలు వచ్చాయి. మామూలు వాడకానికి సరిపడే కలయిక ఇది: కింది ఆర్మ్‌లు మూసిన రకం వేసుకుని, ఒక చివర పాలీ, మరో చివర గోళాకారపు జాయింట్ పెట్టుకోవచ్చు. పై ఆర్మ్‌లకు యాక్సిల్ చెవుల్లో కొత్త రబ్బరు బుష్‌లే వేయాలి, లేదా వాటికీ గోళాకారపు జాయింట్లు పెట్టాలి. పై ఆర్మ్‌లలో అన్ని వైపులా పాలీ పెట్టడమే అన్నిటికన్నా చెడ్డ ఎంపిక. చాలా చౌక కిట్లలో వచ్చేదీ అదే.

రెండో లెక్క కోణాలది. పక్కనుంచి చూస్తూ పై ఆర్మ్ గీతనూ కింది ఆర్మ్ గీతనూ ముందుకు పొడిగిస్తే ఎక్కడో ఒకచోట కలుస్తాయి. యాక్సిల్ తన తోపునంతా ఆ ఊహాబిందువు గుండానే బాడీకి అందిస్తుంది. ఆ బిందువు ఎత్తుగా, దగ్గరగా ఉంటే యాక్సిలరేటర్ తొక్కగానే ఆ తోపు కారు వెనుక భాగాన్ని పైకి ఎత్తబోతుంది, దాని ప్రతిక్రియగా టైర్లు రోడ్డుకు చటుక్కున అదుముకుంటాయి. డ్రాగ్ పందెంలో నిలబడ్డ చోటి నుంచి కారును దూకించాలనుకునేవాళ్లు కింది ఆర్మ్‌ల వెనుక చివర్లను దించే బ్రాకెట్లు, పై ఆర్మ్‌ల వెనుక చివర్లను ఎత్తే బ్రాకెట్లు వాడేది ఇందుకే. కానీ వెనుక చక్రాల మీదికి మొత్తం ఎంత బరువు మారుతుందన్నది కారు గరిమనాభి ఎత్తు, చక్రాల మధ్య దూరం, వేగం పెరిగే తీరు నిర్ణయిస్తాయి. అందులో ఎంత ఆర్మ్‌ల గుండా పోతుంది, ఎంత స్ప్రింగుల గుండా పోతుంది అన్నదే బ్రాకెట్ మార్చగలిగేది. ఈ ఏర్పాటుకు చెల్లించే ధర కూడా ఉంది. తొక్కినప్పుడు టైరును అదిమే కోణాలే, బ్రేకు వేసినప్పుడు దాన్ని ఎత్తబోతాయి. మరీ దూరం పోతే బ్రేకు వేసిన ప్రతిసారీ వెనుక చక్రాలు ఎగురుతాయి. పావుమైలు తిన్నటి పందేనికి వరమైనది, ఘాట్ రోడ్డు దిగేవాడికి శాపం. ‘మెరుగైన’ భాగం అనే మాటకు ‘దేనికి?’ అన్న ప్రశ్న తోడు లేకపోతే అర్థం లేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

పినియన్ కోణం సంగతీ ఇలాంటిదే. ప్రొపెల్లర్ షాఫ్టు రెండు చివర్లా ఉండే యూనివర్సల్ జాయింట్ కోణంలో తిరిగినప్పుడు, ప్రతి చుట్టులోనూ రెండుసార్లు వేగం హెచ్చుతగ్గులవుతుంది. గేర్‌బాక్స్ వెనుక షాఫ్టూ పినియన్ షాఫ్టూ సమాంతరంగా ఉంటే ఒక జాయింట్ తెచ్చిన హెచ్చుతగ్గును మరొకటి రద్దు చేస్తుంది. లేకుంటే ఒక వేగం దాటాక కారంతా అదురుతుంది. తొక్కినప్పుడు పినియన్ ముక్కు పైకి లేస్తుంది కాబట్టి, నిలిచి ఉన్నప్పుడు దాన్ని ఒకటి నుంచి మూడు డిగ్రీల మేర కిందికి వంచి పెడతారు. పొడవు మార్చుకునే వీలున్న పై ఆర్మ్‌లు ఇందుకే అమ్ముతారు. ఇక్కడా ఒకరి అంకె ఇంకొకరికి పనికిరాదు. రబ్బరు బుష్‌లున్న కారులో ముక్కు ఎక్కువ లేస్తుంది కాబట్టి ఎక్కువ వంచాలి, గోళాకారపు జాయింట్లున్న దాంట్లో తక్కువ చాలు. కారును కిందికి దించినా కోణం మారుతుంది. ఇంకొకరి కారు అంకెను మన కారుకు ఎక్కించడం, ఇంకొకరి కళ్లజోడు పెట్టుకున్నంత పని.

స్ప్రింగుల దగ్గర తప్పులు మరింత తేలిగ్గా జరుగుతాయి. కారు కాస్త కిందికి ఉంటే అందంగా ఉంటుందని కాయిల్‌లో ఒక చుట్టు కోసేసే అలవాటు పాతదే. స్ప్రింగు బిగువు దాని పనిచేసే చుట్ల సంఖ్యకు విలోమంగా ఉంటుంది. ఎనిమిది చుట్లు పనిచేసే స్ప్రింగులో ఒకటి కోస్తే అది దాదాపు 14 శాతం బిగుస్తుంది. మంటపెట్టి కుంగదీస్తే ఉక్కుకున్న పదునే పోతుంది. కారు కిందికి దిగిన కొద్దీ ఆర్మ్‌ల కోణాలు మారతాయి, యాక్సిల్‌కు పైకి కదలడానికి మిగిలే చోటు తగ్గుతుంది. చోటు అయిపోతే యాక్సిల్ రబ్బరు బంపు మీద కూర్చుంటుంది, అప్పుడిక అక్కడ స్ప్రింగు ఉన్నా లేనట్టే. కొత్త స్ప్రింగు బిగువుకు తగినట్టు షాకు కూడా మారాలి. గట్టి స్ప్రింగును పాత షాకు అదుపు చేయలేదు. మెత్తటి స్ప్రింగుకు మరీ గట్టి షాకు వేస్తే గతుకు రోడ్డు మీద చక్రం గతుకు వెంట కిందికి దిగలేక గాల్లో తేలుతుంది.

వెనుక స్టెబిలైజర్ బార్ విషయంలో కొనేవాళ్లు ఎక్కువగా మోసపోతారు, ఎందుకంటే అది బిగించిన గంటలోనే తేడా తెలుస్తుంది. ఈ కార్లకు ముందు పెద్ద ఇనుప ఇంజన్ ఉంటుంది, బరువులో సగానికి మించి ముందు చక్రాల మీదే ఉంటుంది. అందుకని మలుపులో ముందు భాగం వెలుపలికి జారుతుంది. వెనుక బార్ వేస్తే ఒరుగుడును ఆపే పని కొంత వెనక్కి మారి ఆ జారుడు తగ్గుతుంది. అక్కడిదాకా మంచిదే. ముందు బార్ ఎంత లావుందో చూడకుండా, వెనుక ఆర్మ్‌లు ఇప్పటికే బైండ్ అవుతున్నాయేమో చూడకుండా, దొరికినవాటిలో లావుపాటిది వేస్తే, జారుడు తోకకు మారుతుంది. అమెరికన్ డ్రైవర్లకు అలవాటైన ముందు జారుడులో యాక్సిలరేటర్ వదిలేస్తే చాలు. తోక జారుడులో అదే పని చేస్తే కారు గిరుక్కున తిరుగుతుంది. ఇంకో చిన్న విషయం: ఈ బార్‌ను కింది ఆర్మ్‌లకే బిగిస్తారు. తెరిచి ఉన్న రేకు ఆర్మ్‌కు బోల్టు బిగిస్తే రేకు నలిగిపోతుంది. అందుకు మూసిన ఆర్మ్ గానీ, లోపల గొట్టపు ముక్క గానీ తప్పనిసరి.

ఇంత చెప్పాక కొన్ని అభ్యంతరాలు రావడం సహజం. కంపెనీ ఇంజనీర్లు తెలిసే కదా అలా చేశారు, ముట్టుకోకుండా వదిలేయవచ్చు కదా అన్నది మొదటిది. వాళ్లకు తెలిసింది నిజమే, కానీ వాళ్లు లెక్కగట్టింది మన దగ్గర నైలాన్ టైర్లుగా పిలిచే బయాస్ తరహా టైర్లకు. ఇవాళ ఆ కార్ల కింద ఉన్నవి వెడల్పాటి రేడియల్ టైర్లు. అవి రోడ్డును ఎంతో గట్టిగా పట్టుకుంటాయి, ఆ పట్టంతా బుష్‌ల మీదికీ బ్రాకెట్ల మీదికీ బలంగా వచ్చి పడుతుంది. టైరు మారినప్పుడే లెక్క మారింది. పైగా వాళ్లు వేసిన రబ్బరు ఇప్పుడు అరవై ఏళ్లది. అసలైన స్థితిని కాపాడుకోవాలన్నా మొదట ఆ బుష్‌లు మార్చక తప్పదు. కొత్త బుష్‌లు, కొత్త షాకులు వేశాక, ఇంకేమీ వద్దనిపించే కార్లు చాలానే ఉంటాయి.

రేస్ కార్లలో అన్నీ గట్టిగానే ఉంటాయి కదా అన్నది రెండో అభ్యంతరం. రేస్ కారు ఆర్మ్‌లు గట్టివే, కానీ వాటి చివర్లన్నీ గోళాకారపు జాయింట్లు. అంటే అక్కడ పొడవు కదలదు, మెలిక మాత్రం పూర్తిగా స్వేచ్ఛగా ఉంటుంది. రేస్ ఇంజనీరు ఎంచుకున్నది గట్టిదనాన్నీ స్వేచ్ఛనూ కలిపి. రెండు చివర్లా పాలీ దిగగొట్టిన కారు అందులో మొదటి సగాన్ని మాత్రమే అనుకరిస్తోంది. పైగా పందెం జట్లు ఆ జాయింట్లను తరచూ పరీక్షించి మారుస్తాయి. ఆదివారం పూట షికారుకు తీసేవాళ్లకు ఆ ఓపికా ఉండదు, అవసరమూ లేదు.

మూడోది కాస్త బలమైన వాదన: పేరున్న కంపెనీ అన్ని భాగాలనూ కలిపి ఒకదానికొకటి తగినట్టు కిట్టుగా అమ్ముతుంటే ఇన్ని లెక్కలు మనకెందుకు? ఇందులో న్యాయం ఉంది. తలో చోట తలో భాగం కొని కలపడం కన్నా, ఒకే ఇంజనీరు ఆలోచించి కూర్చిన కిట్టు చాలాసార్లు నయమే. అయితే ఆ ఇంజనీరు మన కారును చూడలేదు. దాని ముందు ఏ ఇంజన్ ఉందో, టైర్ల వెడల్పు ఎంతో, ఎప్పుడో జరిగిన ప్రమాదంలో ఫ్రేమ్ వంగిందో లేదో, బ్రాకెట్లలో బోల్టు రంధ్రాలు అరిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చాయో లేదో ఆయనకు తెలియదు. అరిగిన రంధ్రంలో ఎంత ఖరీదైన ఆర్మ్ పెట్టినా అది కదులుతూనే ఉంటుంది. కిట్టు లెక్కను సులువు చేస్తుంది, చూసుకునే బాధ్యతను తీసేయదు. కారు విలువ పడిపోతుందన్న భయానికి జవాబు ఇంకా సులువు. అసలు ఆర్మ్‌లకు వెల్డింగ్ పెట్టకుండా, ఫ్రేమ్ కోయకుండా, బోల్టులతో బిగిసే భాగాలే ఎంచుకుని, విప్పిన పాతవాటిని పేరు రాసి దాచుకుంటే చాలు. ఎప్పుడంటే అప్పుడు కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రూపానికి తిరిగి వెళ్లగలదు.

పనికి దిగేటప్పుడు పాటించాల్సిన వరస కూడా ఈ లెక్కలోంచే పుడుతుంది. మొదట కడగడం, చూడడం: ఫ్రేమ్ బ్రాకెట్లలో పగుళ్లు, యాక్సిల్ చెవుల్లో అరుగుదల, బ్రేకు గొట్టం వయసు. తర్వాత కొలవడం: నేల నుంచి నాలుగు మూలల ఎత్తు, పినియన్ కోణం. కారును ఫ్రేమ్ కింద స్టాండ్ల మీద నిలబెట్టి, యాక్సిల్‌ను వేరే జాకీతో ఆనించాకే షాకులు విప్పాలి. షాకు ఊడగానే యాక్సిల్ జారితే స్ప్రింగు బయటికి దూకగలదు, బ్రేకు గొట్టం తెగగలదు. ఆర్మ్‌లను ఒక్కొక్కటిగా మారిస్తే యాక్సిల్ చోటు తప్పదు. రబ్బరు బుష్‌లున్న బోల్టులను కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చివరి బిగింపు బిగించాలి. రబ్బరు బుష్ లోపలి గొట్టం బోల్టుతో కదలకుండా పట్టుబడుతుంది కాబట్టి, యాక్సిల్ వేలాడుతుండగా బిగిస్తే, కారు దించగానే రబ్బరు మెలిపడి ఎప్పుడూ అదే మెలికలో ఉండిపోతుంది, త్వరగా చిరుగుతుంది. ఒకేసారి అన్నీ మార్చకుండా ఒకటి మార్చి, కొన్నాళ్లు నడిపి చూస్తే ఏది మేలు చేసిందో, ఏది చెడు చేసిందో తెలుస్తుంది. అన్నీ కలిపి మార్చినవాళ్లకు కారు మారిందని తెలుస్తుంది, ఎందుకు మారిందో తెలియదు.

ఇక్కడి కార్లకు ఇలాంటివి చేయించాలనుకునే తెలుగు పాఠకులకు ఒక హెచ్చరిక అవసరం. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మన మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నియంత్రిస్తుంది. 2019లో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగా చెప్పింది. అరిగిన భాగం స్థానంలో అదే కొలతల కొత్త భాగం వేయడం వేరు, కారు స్వభావాన్ని మార్చడం వేరు. అమెరికాలో ఉండి పాత షెవెల్‌నో మస్టాంగ్‌నో కొనుక్కునేవాళ్లకు ఈ చట్టం వర్తించదు గానీ, పైన చెప్పిన లెక్క మాత్రం వర్తిస్తుంది. ఒక భాగం కొనేముందు రెండు ప్రశ్నలకు జవాబు రాసుకోండి: పాత భాగం ఏ కదలికను ఆపుతోంది, ఏ కదలికను అనుమతిస్తోంది? కొత్త భాగం మొదటిదాన్ని ఇంకా బాగా చేస్తూ రెండోదాన్ని చెడగొట్టకపోతే కొనండి. రెండో ప్రశ్నకు అమ్మేవాడి దగ్గర జవాబు లేకపోతే, ఆ డబ్బుతో కొత్త రబ్బరు బుష్‌లూ మంచి షాకులూ వేయించుకోండి. కారు అప్పటికే సగం బాగుపడుతుంది.